నూరువరహాల లేత ఆకులు పసుపెక్కుతుంటే ముందు ఎరువు ఆపండి

పర్లాకిమిడిలో కొత్తగా కట్టిన ఇంటి ప్రహరీ పక్కన నూరువరహాల మొక్క పెట్టామని, లేత ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయని, ఎంత ఎరువు వేసినా గుత్తులు రావడం లేదని అడిగారు. మేముండేది బరంపురంలో. మా పెరట్లోనూ ఇదే గొడవ జరిగింది కాబట్టి చెబుతున్నాను, ముందు ఎరువు ఆపండి.

కొమ్మ చివరి ఆకు ఒకటి తుంచి వెలుతురుకు అడ్డం పెట్టి చూడండి. ఈనెలు ఆకుపచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం మాత్రం పసుపుగా కనిపిస్తోందా? అయితే మొక్కకు ఇనుము అందడం లేదు. నత్రజని లోపమైతే కింది ముదురాకులు ముందు పాలిపోతాయి, ఆకంతా ఒకే రంగులోకి వస్తుంది. ఈ తేడా చూసుకోకుండా యూరియా చల్లేవాళ్లే ఎక్కువ.

అలాగని మట్టిలో ఇనుము లేదని కాదు. మన వైపు ఎర్రమట్టికి ఆ ఎరుపు వచ్చిందే ఇనుము వల్ల. మట్టిలో సున్నం ఎక్కువైతే వేళ్లు ఆ ఇనుమును తీసుకోలేవు, అంతే. నూరువరహాలు కాఫీ కుటుంబానికి చెందిన మొక్క. దానికి కాస్త ఆమ్లగుణం ఉన్న నేల కావాలి, పీహెచ్ 5 నుంచి 6 దాకా ఉంటే హాయిగా పెరుగుతుంది. మీరేమో గోడ పక్కన పెట్టారు. అక్కడ తవ్వి చూస్తే సిమెంటు పెళ్లలు, సున్నం, ఇటుక ముక్కలు తప్పకుండా తగులుతాయి. మా ఇంట్లో ఒకే నర్సరీ నుంచి తెచ్చిన రెండు మొక్కల్లో ప్రహరీ వారగా ఉన్నది పాలిపోయింది, పెరటి మధ్యలో ఉన్నది నిగనిగలాడుతూ ఉంది. నీళ్లూ చూసుకోవాలి. బోరు నీళ్లు పట్టే బకెట్ లోపల తెల్లటి పొర కడుతుంటే, రోజూ మొక్కకు పోస్తున్నది కూడా ఆ సున్నమే.

వర్షాకాలంలో మొక్కను వేరుగడ్డతో సహా తీసి గోడకు మూడు నాలుగు అడుగుల దూరంలో పెట్టండి. గోతిలో ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, ఆకుల ఎరువు కలపండి. వాన నీళ్లు పట్టుకునే వీలుంటే అవే పోయండి. ఈలోగా మొక్క తేరుకోవడానికి లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. వారం పది రోజులకోసారి, రెండు మూడు సార్లు చాలు. గచ్చు మీద, గోడ మీద పడితే తుప్పు మరకలు పోవు, జాగ్రత్త. యూట్యూబ్ చూసి కోడిగుడ్డు పెంకుల పొడి వేస్తుంటే మాత్రం వెంటనే మానేయండి, అది సున్నం మీద సున్నం పోసినట్టే. పసుపెక్కిన పాత ఆకులు పూర్తిగా మారకపోవచ్చు. కొత్త చిగురు ఏ రంగులో వస్తోందో చూసుకోండి.

గుత్తుల సంగతికొస్తే, పూలు కొమ్మ చివర్లే పూస్తాయి. అందంగా ఉండాలని నెలనెలా గుండ్రంగా కత్తిరిస్తే మొగ్గలన్నీ కత్తెరకే పోతాయి. ఒక విడత పూత అయ్యాక, వాడిన గుత్తిని దాని కింది రెండు ఆకులతో సహా తీసేస్తే పక్క కొమ్మలు వస్తాయి, ప్రతి కొమ్మకూ ఒక గుత్తి. ఎండ మాత్రం కనీసం అయిదారు గంటలు తగలాలి. నీడలో ఆకులు ముదురు పచ్చగా ఉంటాయి గానీ పూలు ఉండవు. కోరాపుట్ వైపు కొండల మీద ఉన్న మా బంధువుల ఇంట్లో చలికాలంలో పూత బాగా తగ్గిపోతుంది. అది రోగం కాదు, చలికి అంతే.

ఆకుల మీద మసి పట్టినట్టు నల్లగా కనిపించి, కాండం మీద చీమలు బారులు కడితే, ఆకు తిప్పి చూడండి. ఈనె వెంబడి పొలుసు పురుగులు అంటుకుని ఉంటాయి. అవి కార్చే తీపి జిగురు మీదే ఆ మసి పెరుగుతుంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి ఆకు అడుగున తగిలేలా కొట్టండి. ఎర్రటి ఎండలో వద్దు, అన్నభేది కొట్టిన రోజూ వద్దు.