హైదరాబాద్ పాత కర్మాగారాల మీద జరిగే ప్రసంగాలకు వెళ్లడం దండగా?

ఆదివారం పాడుచేసుకుని వెళ్లవచ్చా అని అడిగారు. వెళ్లండి. కాకపోతే వేదిక మీది మనిషి కోసం కాదు, మూడో వరుసలో కూర్చునే ముసలాయన కోసం.

కిందటేడు ఆల్విన్ అనే పాత కంపెనీ మీద ఒక ప్రసంగానికి వెళ్లాను. మా ఇల్లు మియాపూర్‌లో, ఆల్విన్ క్రాస్‌రోడ్స్ దగ్గర. రోజూ కండక్టర్ నోట వినే ఆ పేరు సంగతేమిటో తెలుసుకుందామని వెళ్లాను. వక్త గంటసేపు తెర మీద బొమ్మలు తిప్పారు. నలభై నిమిషాలు నిజాం గారే. ఈ ఊళ్లో బొగ్గుల కుంపటి గురించి చెప్పాలన్నా ఏడో నిజాం దగ్గరే మొదలుపెట్టాలి కాబోలు. 1942లో కంపెనీ పుట్టడం, సనత్‌నగర్ షెడ్లు, ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, జపాన్ సీకో వారితో కలిసి చేసిన గడియారాలు అన్నీ చివరి పావుగంటలో పరుగెత్తాయి.

డబుల్ డెక్కర్ బస్సు బొమ్మ రాగానే మూడో వరుసలోంచి ఒక పెద్దాయన లేచారు. ఆల్విన్ బస్సు బాడీ షాపులో రేకులను కలిపే రివెట్లు కొట్టిన మనిషి. బయట ఒకరు రివెట్ గన్‌తో కొడుతుంటే లోపల ఇంకొకరు ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలట. దిమ్మ కాస్త జారిందా, రివెట్ వంకర, రేకుకు సొట్ట. ఆ మోతలో మాట వినపడదు కనుక లోపలి మనిషి రేకు మీద తట్టేవాడట. ఒకసారి తడితే సరిగ్గా పడినట్టు, రెండుసార్లు తడితే మళ్లీ కొట్టాలని. చెబుతూ ముందు కుర్చీ వీపు మీద తట్టి చూపించారు. హాలంతా అటు తిరిగింది. అంతలో నిర్వాహకుడు "సర్, ప్రశ్న ఉంటే అడగండి" అన్నాడు. "ప్రశ్నేమీ లేదండి" అని ఆయన కూర్చుండిపోయారు.

నాకు ఒళ్లు మండింది. ఇలాంటి సభలన్నీ ఇంతే. నేను చూసినవి మూడే, అయినా చెబుతున్నాను. కవాడిగూడ ప్రాగా టూల్స్ యంత్రాల కర్మాగారంలో పనిచేసినవారు, డీబీఆర్ బట్టల మిల్లులో మగ్గాలు నడిపినవారు ఊళ్లో ఇంకా ఉన్నారు. ఒక్కరినీ వేదిక ఎక్కించరు. పైగా ఎక్కడో బంజారాహిల్స్‌లో, ఇంగ్లీషులో పెడతారు. సనత్‌నగర్ పింఛనుదారు ఆటోకు ఎంత పెట్టుకుని రావాలి? సమోసాలు మాత్రం బాగుంటాయి.

బయట చాయ్ బండి దగ్గర ఆయనను పట్టుకున్నాను. అసలు ప్రసంగం అక్కడ జరిగింది, మరో గంట. వెళ్లేముందు ఎక్కడుంటావని అడిగారు. "ఆల్విన్ క్రాస్‌రోడ్స్ అండీ" అని రెండుసార్లు అరవాల్సి వచ్చింది. గన్ వైపున్న చెవి అట, పోయి ముప్పై ఏళ్లయింది.