తాతయ్య డబ్బాలో గోళీలు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. తాతయ్య ట్రంకుపెట్టెలో డబ్బా నిండా పాత గాజు గోళీలు దొరికాయి, కొన్నిటి లోపల రంగుల మెలికలున్నాయి. చేత్తో చేసినవో మెషిన్‌వో ఎలా తెలుస్తుంది? పాలిష్ పెట్టించమని బరంపురంలో ఉండే మా బావ అంటున్నాడు.

జవాబు: పాలిష్ మాత్రం వద్దమ్మా, పైపొర పోతే పాత గుర్తులు కూడా పోతాయి, ఇక వాటి వయసు చెప్పడం కష్టం. ఒక్కో గోళీని వెలుతురులో పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి. ఎక్కడైనా చిన్న గరుకు మచ్చ, చాలావాటికి ఎదురెదురుగా రెండు, కనిపిస్తే అది చేత్తో చేసినదే కావచ్చు. జర్మనీలోని లౌషా ఊళ్లో 19వ శతాబ్దం మధ్య నుంచి రంగుగాజు పుల్లల్ని రంగులేని గాజులో పొదిగి, వేడిమీదే మెలితిప్పి, ఒక కొసన గిన్నెలాంటి గుంట ఉన్న కత్తెరతో గుండ్రంగా మలిచి కత్తిరించేవారు. ఆ మచ్చ కత్తిరించిన చోటే. అమెరికాలోని ఏక్రన్‌లో క్రిస్టెన్‌సన్ అనే ఆయన గోళీల యంత్రం కనిపెట్టాక (1905లో దానికి పేటెంట్ వచ్చింది), గాడులున్న రోలర్ల మధ్య దొర్లి నున్నగా వచ్చేవి మొదలయ్యాయి. మెలికల్లేని ఒకే రంగువి పాత గోళీసోడా సీసాల్లోవి అయ్యుండొచ్చు, వాటినీ పారెయ్యకండి. వేణ్ణీళ్లు పొయ్యొద్దు, గాజు బీటలిస్తుంది. గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.