బ్రేకేస్తే ఆయిల్ లైటు వెలుగుతోంది, ఈ బండి రోడ్డు మీద తిప్పొచ్చా?

నరసన్నపేట నుంచి ఒక కుర్రాడు అడిగాడు: "అన్నా, మూడు నెలల క్రితం విశాఖపట్నంలో పాత బళ్లు అమ్మే షాపులో నాలుగు సిలిండర్ల పెద్ద బైకు కొన్నాను. నేలకు దగ్గరగా ఉండేలా కిందకు దించిన బండి. మొన్న ఆయిల్ మార్పించడానికి ఇస్తే, ఇంజన్ కింద ఉన్నది కంపెనీ చాంబర్ (ఇంజన్ ఆయిల్ నిలిచే గిన్నె) కాదు, బయట దొరికే లోతు తక్కువ చాంబర్ అని మెకానిక్ చెప్పాడు. గట్టిగా బ్రేకేస్తే ఆయిల్ లైటు వెలిగి ఆరుతోంది. ఇది నేరమా? ఇన్సూరెన్స్ వస్తుందా? షాపతన్ని అడిగితే ఆ మోడలే అంత అంటున్నాడు. ఫోటోలు పెట్టాను."

తమ్ముడూ, ముందు బండి ఆపు. సెక్షన్ల సంగతి తర్వాత.

ఇలాంటి చాంబర్లు ఎక్కువగా డ్రాగ్ రేసుల కోసం బాగా కిందకు దించిన బళ్లకు వేస్తారు, చాంబర్ నేలకు తగలకుండా. అక్కడ బండి తిన్నగా కొన్ని సెకన్లు పరిగెత్తి ఆగిపోతుంది. నీ బండి అలా కాదు కదా, హైవే మీద శ్రీకాకుళం దాకా వెళ్లాలి, మధ్యలో ఆవు అడ్డొస్తే ఒక్కసారిగా బ్రేకెయ్యాలి. లోతు లేని చాంబర్‌లో ఆయిల్ మొత్తం ముందుకు ఒరిగిపోతుంది, ఆయిల్ పీల్చే పంపు పైపు నోటికి ఆయిల్ బదులు గాలి దొరుకుతుంది, నీకు కనిపించే ఆ లైటు అదే. ఇలా పదే పదే జరిగితే ఇంజన్ లోపల తిరిగే క్రాంకు ఇరుసును మోసే బేరింగులు పోతాయి. రెండో ఫోటో పెద్దది చేసి చూశాను: చాంబర్ అడుగున స్పీడ్ బ్రేకరు గీసిన తెల్లటి గీత, బోల్టు పక్కన తడి. దాని వెనకాలే వెనక టైరు ఉంది, ఆయిల్ చుక్కలు దాని మీద పడితే మలుపులో ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. చాంబర్ ఆర్‌సీలో ఉండే వివరం కాదు, కాబట్టి ఒక్క చాంబర్ మీదే కేసంటే వాదించడానికి చోటుంది. కానీ నీ ఫోటోలో వెనక చక్రం బాగా వెనక్కి జరిగి ఉంది, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) పొడుగు చేసినట్టున్నారు. టేపు పట్టుకుని ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా కొలిచి, ఆర్‌సీ వివరాల్లో ఉన్న వీల్‌బేస్‌తో పోల్చు. తేడా ఉంటే అసలు ఇబ్బంది అక్కడే. అనుమతి లేని మార్పుకు 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మార్చింది పాత ఓనరే అనే వాదన నీకుంది, కానీ ఈ రోజు ఓనరువి నువ్వు.

నాకు ఎక్కువ భయం వేసేది అదే చట్టంలోని 190(1) సెక్షన్ గురించి. ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసీ బండి నడిపితే 1,500 జరిమానా. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా దెబ్బ తగిలితే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. మొన్నటిదాకా నీకు తెలియదు. మెకానిక్ చెప్పాక తెలియదనడం కుదరదు.

ఇన్సూరెన్స్ రెండు ముక్కలు. నీ బండి తగిలి ఎవరికైనా గాయమైతే, బండి మార్చారన్న ఒక్క సాకుతో థర్డ్ పార్టీ పరిహారం ఎగ్గొట్టడం కంపెనీకి కష్టం, ఎందుకంటే అది వాడుకోగల అభ్యంతరాలు 150వ సెక్షన్‌లో లెక్కపెట్టి ఉన్నాయి, అందులో ఇది లేదు. నీ సొంత నష్టం వేరే కథ. మార్పు చెప్పకుండా దాచారని కొర్రీ వేస్తారు. ఇక ఆయిల్ అందక ఇంజన్ పట్టేస్తే దాన్ని మెకానికల్ బ్రేక్‌డౌన్ అంటారు, మామూలు పాలసీలో అసలు రాదు.

షాపతన్ని మాత్రం వదలకు. వ్యాపారంగా బళ్లు అమ్మేవాడు కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, అదీ నువ్వుండే శ్రీకాకుళం జిల్లాలోనే, విశాఖ తిరగక్కర్లేదు. గడువు రెండేళ్లు, 5 లక్షల లోపు కొన్న బండైతే ఫీజు కూడా లేదు. (ఒక మామూలు మనిషి దగ్గర కొని ఉంటే సివిల్ కోర్టుకే వెళ్లాల్సి వచ్చేది.) ముందు లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వు. "మోడలే అంత" అన్న మాట వాట్సాప్‌లో ఉంటే డిలీట్ చెయ్యకు.

కంపెనీ చాంబర్, దానికి సరిపోయే పంపు పైపు రెండూ వేయించు, ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే లాభం లేదు. అయితే విప్పే ముందు తేదీ కనిపించేలా ఫోటోలు, వీడియో తీయించు, మెకానిక్ చేత ఏం చూశాడో తెల్ల కాగితం మీద రాయించి సంతకం పెట్టించు. తీసిన చాంబర్ పాత ఇనుముకు ఇచ్చేయకు, గోనె సంచిలో కట్టి ఇంట్లో పెట్టు. రేపు కమిషన్ ముందు చూపించాల్సింది దాన్నే.