తాళం ఇచ్చే ముందు పక్క సీట్లో కూర్చోండి

ప్రశ్న: అక్కా, నమస్తే. మేం టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. బాబుకి ఏడేళ్ళు, పాపకి నాలుగు. ఐదు వారాల కిందట పిల్లల్ని చూసుకోవడానికి కొలంబియా నుంచి మా ఇంటికి ఓపేర్ వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. పిల్లలు బాగా అలవాటుపడ్డారు. బాబుని స్కూల్ నుంచి తీసుకురావడానికీ, శనివారం పాపని కూచిపూడి క్లాసుకి దింపడానికీ మా పాత ఒడిస్సీ కారు ఆమెకి ఇద్దామని మావారు అంటున్నారు. తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు మాత్రం "ముక్కూమొహం తెలియని పిల్లకి కారూ ఇచ్చి, పిల్లల్నీ అప్పజెబుతారా" అని రోజూ అడుగుతున్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఆమెకి వాళ్ళ దేశం లైసెన్స్ ఉంది. అది సరిపోతుందా? ఆదివారాలు స్నేహితురాళ్ళ దగ్గరికి ఫోర్ట్‌వర్త్ వెళ్తానంటే కారు ఇవ్వాలా?

– ఒక సోదరి, ఫ్రిస్కో

జవాబు: చెల్లీ, అత్తగారి మీద విసుక్కోకు. ఆవిడ అడగాల్సిందే అడిగారు. కాకపోతే ఐదు వారాలుగా మీ పాపకి అన్నం తినిపిస్తున్న పిల్ల ముక్కూమొహం ఈపాటికి ఇంట్లో అందరికీ తెలుసు. స్టీరింగ్ పట్టుకుంటే ఆ పిల్ల ఎలా ఉంటుందో అదొక్కటే తెలీదు. అది తెలుసుకోవడానికి ఒకటే దారి, నువ్వు పక్క సీట్లో కూర్చోవాలి.

మా ఇంట్లో నాలుగేళ్ళలో ముగ్గురు ఓపేర్లు ఉన్నారు. (ఈ మాట కొత్తగా వింటున్నవాళ్ళకి: జే-1 వీసా మీద వచ్చి, ఇంట్లో మనిషిలా ఉంటూ పిల్లల్ని చూసుకునే 18 నుంచి 26 ఏళ్ళ వయసు వాళ్ళు. రోజుకి 10 గంటలు, వారానికి 45 గంటలు మించి పని చెప్పకూడదు. స్కూల్ నుంచి పిల్లల్ని తెచ్చే సమయం కూడా ఆ 45లోదే.) ఇద్దరికి కారు ఇచ్చాను, ఒకమ్మాయికి ఇవ్వలేదు. ఆ ఇవ్వని అమ్మాయి దగ్గర ఆరేళ్ళనాటి లైసెన్స్ ఉంది. కార్డు వచ్చాక బండి ముట్టుకున్నట్టు లేదు, అంతే. మనం మాత్రం తక్కువ తిన్నామా? నా హైదరాబాద్ లైసెన్సూ అలాంటిదే. 2009లో ఇర్వింగ్‌లో మొదటిసారి కేమ్రీ ఎక్కినప్పుడు, లేని క్లచ్‌ని వెతుక్కుంటూ నా ఎడమకాలు బ్రేకు మీద పడింది. వెనక సీట్లో ఉన్న గాలన్ పాలడబ్బా మా ఆయన మెడ దాకా వచ్చింది.

కాగితాల సంగతి ముందు చెప్పేస్తాను. టెక్సస్‌కి వచ్చిన రోజు నుంచి 90 రోజుల వరకూ సొంత దేశం లైసెన్స్‌తో నడపొచ్చు, అది చెల్లుబాటులో ఉంటే. ఇంటర్నేషనల్ పర్మిట్ అంటే ఆ లైసెన్స్‌కి అనువాదం మాత్రమే, దాన్ని ఆమె తన దేశంలోనే తీసుకుని రావాలి. ఇక్కడ కూర్చుని ఆన్‌లైన్‌లో కొన్నవి నమ్మకు. మీకు ఐదు వారాలు అయిపోయాయి కాబట్టి ఈ వారమే డీపీఎస్ (ఇక్కడ లైసెన్స్ ఇచ్చే ఆఫీసు) అపాయింట్‌మెంట్ వేట మొదలుపెట్టు. డల్లాస్ చుట్టుపక్కల అది ఎప్పుడు దొరుకుతుందో నీకు తెలియంది కాదు. రోడ్ టెస్ట్ అయితే డీపీఎస్ అనుమతి ఉన్న డ్రైవింగ్ స్కూల్లోనూ ఇవ్వొచ్చు. ఆమె పేరు మీద ఇంటి కరెంటు బిల్లు ఉండదు కదా, దానికి అడ్రస్ అఫిడవిట్ ఉంటుంది, మీరు సంతకం పెట్టి వెంట వెళ్ళాలి.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం తొందరపడకు. "మన కారు, మనమే ఇచ్చాం, కవర్ అవుతుందిలే" అనుకుంటారు చాలామంది. 2020కి ముందు టెక్సస్‌లో నేమ్డ్ డ్రైవర్ పాలసీ అని చవకగా ఒకటి అమ్మేవారు. అందులో పేరున్న మనిషి నడిపితేనే డబ్బు వచ్చేది. ఇప్పటి మామూలు పాలసీ అయినా, మీ ఇంట్లోనే ఉంటూ కారు వాడే మనిషి గురించి కంపెనీకి చెప్పకపోతే రేపు క్లెయిమ్ దగ్గర ఇబ్బందే. పేరు ఎక్కించమని ఏజెంట్‌కి ఫోన్ చెయ్యి, ఎక్కించినట్టు ఈమెయిల్‌లో రాయించుకో. ప్రీమియం పెరుగుతుంది, గుండె రాయి చేసుకో. ఇక్కడి డ్రైవింగ్ చరిత్ర ఏదీ లేని ఇరవై రెండేళ్ళ పిల్ల కదా. ఇంకోటి, రాష్ట్రం అడిగే కనీస లయబిలిటీ (ఎదుటివాళ్ళ నష్టానికి ఇన్సూరెన్స్ కట్టేది) ఒక మనిషికి 30,000, ఒక ప్రమాదానికి మొత్తం 60,000, ఎదుటివాళ్ళ ఆస్తికి 25,000 డాలర్లు. మీ ఫ్రిస్కోలో సిగ్నల్ దగ్గర ముందున్న టెస్లాని గట్టిగా గుద్దితే ఆ 25,000 ఏ మూలకి? లిమిట్లు పెంచుకో.

ఇక పక్క సీటు. పిల్లల్ని ఎక్కించకుండా, రెండు వారాలు, రోజుకో అరగంట. కొలంబియాలోనూ కుడివైపే నడుపుతారు, ఆ మేరకు మనకంటే నయం. చూడాల్సినవి వేరే ఉన్నాయి. నాలుగువైపులా స్టాప్ బోర్డులున్న చోట పూర్తిగా ఆగుతుందా, జారుకుంటూ పోతుందా? పసుపుపచ్చ బాణం మిణుకుమిణుకుమంటుంటే ఎదురు బండ్లని పోనిచ్చి ఎడమకి తిరుగుతుందా, తనకే దారి అనుకుంటుందా? స్కూల్ బస్సు ఎర్రలైట్లు వేస్తే ఎక్కడ ఆగుతుంది? డల్లాస్ నార్త్ టోల్‌వే ఎక్కేటప్పుడు వేగం అందుకుంటుందా, ర్యాంప్ చివర బెదిరి ఆగిపోతుందా? నేను కారు ఇవ్వని అమ్మాయి అక్కడే ఆగిపోయేది, ప్రతిసారీ.

పోలీసు లైట్లు వెనక వెలిగితే ఏం చెయ్యాలో కూడా కూర్చోబెట్టి చెప్పు. మన ఊళ్ళో కాగితాలు పట్టుకుని దిగి సారు దగ్గరికి నడుచుకుంటూ వెళ్తాం. ఇక్కడ బండి పక్కకి తీసి, దిగకుండా, చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని ఉండాలి. ఇది చెప్పకపోతే ఆమెకి ఎలా తెలుస్తుంది? పిల్లల సీట్ల బెల్టులు ఆమె చేతే బిగించి చూపించమను. ఎనిమిదేళ్ళు నిండేదాకా, లేదా 4 అడుగుల 9 అంగుళాలు దాటేదాకా బూస్టర్ తప్పదు. మీ బాబు "నేను పెద్దోణ్ణి" అంటే ఆమె కరిగిపోకూడదు.

నేను చేసిన తప్పొకటి చెబుతాను. మా రెండో అమ్మాయి బ్రెజిల్ పిల్ల, చక్కగా నడిపేది. ఒకరోజు గ్యారేజీలో పెడుతుంటే వెనక తలుపు ఫ్రేముకి గీసుకుంది. నాకు చెప్పలేదు. రెండు రోజులు ఆ పక్క గోడకి దగ్గరగా పెడుతూ వచ్చింది. మూడో రోజు పొద్దున్న కాఫీ మెషీన్ పక్కన ఒక కవరు కనబడింది. అందులో నోట్లు, చిల్లర నాణేలతో సహా లెక్కగా 195 డాలర్ల 75 సెంట్లు. మేమిచ్చిన వారం స్టైపెండ్ అంతా. మొదటిరోజు తాళం ఇస్తూ "దీనిమీద గీత పడిందా, చూస్కో" అని నవ్వుతూ అన్నాను నేను. నవ్వు ఆమెకి అర్థం కాలేదు, గీత మాత్రం అర్థమైంది. కవరు తిరిగిచ్చేశాను. ఆ రోజు నుంచి మా కారు సన్‌వైజర్ వెనక పోర్చుగీసులో ఒక కాగితం ఉండేది: ముందు పిల్లలు, తరవాత 911, తరవాత నేను, కారు ఆఖరున. నువ్వు స్పానిష్‌లో రాయించు, ఆమె చేతే రాయించు.

ఆదివారాల సంగతి. ఇవ్వొచ్చు, కానీ నడపడం మొదలుపెట్టిన మొదటి నెల వద్దు. ఫోర్ట్‌వర్త్ అంటే గంట ప్రయాణం, హైవేలు కలిసే చోట్లు మనకే చెమటలు పట్టిస్తాయి. ముందు టార్గెట్‌కీ, లైబ్రరీకీ వెళ్ళిరానీ. అలాగని ఎప్పటికీ ఇవ్వనంటే మాత్రం అన్యాయం. ఫ్రిస్కోకి డార్ట్ (డల్లాస్ లోకల్) రైలు రాదు, డల్లాస్ నుంచి ఫోర్ట్‌వర్త్ వెళ్ళే రైలు మామూలుగా ఆదివారం నడవదు. కారు లేని ఆ పిల్లకి మీ సబ్‌డివిజన్ గోడే జైలు గోడ. ఎన్ని గంటలకి రావాలి, గ్యాస్ (పెట్రోలు) ఎవరు కొట్టించాలి, టోల్ ఎవరిది, ఇంకెవరికైనా తాళం ఇవ్వొచ్చా (ఇవ్వకూడదు), ఇవన్నీ కాగితం మీద పెట్టుకోండి. ఆమెని పంపిన ఏజెన్సీతో మీ ఒప్పందంలో డిడక్టిబుల్ (ప్రమాదమైతే ఇన్సూరెన్స్ కంటే ముందు మన చేతినుంచి కట్టేది) గురించి ఏముందో చదువు. మీ పని మీద వెళ్ళినప్పుడు జరిగినదానికి ఆమె దగ్గర పైసా అడక్కు.

రెండు వారాలయ్యాక అత్తగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఫ్రిస్కో హనుమాన్ గుడికి వెళ్ళండి. ఆ పిల్లనే నడపమను. ముందు మాత్రం ఏమీ చెప్పకు, లేకపోతే ఇంట్లోంచే "చూసి, చూసి" మొదలవుతుంది.

ప్రశ్న: మా థాయ్‌లాండ్ ఓపేర్ మంచు పడితే కారు తియ్యనంటోంది. లైసెన్స్ ఉంది కదా, గట్టిగా చెప్పాలా?

– ఒక తండ్రి, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: చెప్పకండి. ఎడమవైపు నడిపే దేశం నుంచి వచ్చి, కుడివైపు నేర్చుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మంచు చూస్తున్న పిల్ల "నాకు భయం" అంటే, అది బాధ్యత తెలిసిన మాట. మంచు రోజుల్లో మీరే దింపండి. వీలున్నప్పుడు, పిల్లలు లేకుండా, ఖాళీ పార్కింగ్ లాట్‌లో బ్రేకు ఎలా జారుతుందో చూపించండి. కారు పైకప్పు మీది మంచు కూడా తీసేశాకే బయల్దేరాలని మీ రాష్ట్రంలో చట్టముంది, అదీ చెప్పండి. అద్దం ఒక్కటే గీకి బయల్దేరేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు.

వేసవిలో పెన్సిల్వేనియా వైపు పంపేటప్పుడు మాత్రం గ్యాస్ కొట్టుకోవడం నేర్పి పంపండి. న్యూజెర్సీలో బంకు మనిషే కొడతాడు కదా. ఎడిసన్‌లోనే పెరిగిన మా మేనకోడలు పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తూ, ఎవరో ఒకరు వస్తారని పంపు దగ్గర పావుగంట అద్దం దించుకుని కూర్చుంది.