మీ ఉప్పునీటి అక్వేరియంలోని రెండు క్లౌన్ చేపలూ నాలుగు రోజుల్లో పోయాయి అన్నారు కదా: ఈసారి హేచరీలో (చేపపిల్లల్ని పుట్టించి పెంచే చోట) పుట్టినవే తీసుకోండి

ఒళ్లంతా తెల్లటి జిగురు పొర, నీటి పైభాగంలో ఆయాసం, నాలుగు రోజుల్లో రెండూ పోవడం: మీరు రాసిన లక్షణాలు బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి తెచ్చే జబ్బుకే ఎక్కువగా సరిపోతున్నాయి. సముద్రంలో పట్టిన క్లౌన్‌లలో ఇది ఎంత ఎక్కువంటే, దీనికి 'క్లౌన్ ఫిష్ జబ్బు' అనే పేరే పడిపోయింది. మీ అమ్మోనియా, ఉప్పు రీడింగులు బాగానే ఉన్నాయి, తప్పంతా మీదేనని బాధపడకండి.

'హేచరీ చేపకి రెట్టింపు ధర పెట్టాలా' అని అడిగారు. క్లౌన్ విషయంలో తప్పకుండా పెట్టండి. మన దేశంలోనే, తమిళనాడులోని మండపం ఊళ్లో ఉన్న సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం వీటి పిల్లల్ని పెంచే పద్ధతి తయారు చేసింది, కాబట్టి దొరకనివి కావు. హేచరీ చేపలు చిన్నప్పటి నుంచీ మేత గుళికలు తిని పెరుగుతాయి. నా జత అయితే తెచ్చిన సాయంత్రమే గుళిక నోట కరిచింది, నా టెన్షనంతా అక్కడే పోయింది.

దుకాణంలో మీ ఎదురుగా మేత వేయించండి. మొప్పల మూత పొట్టిగా ఉండి లోపలి ఎరుపు కనిపిస్తే వద్దు, హేచరీ చేపల్లో ఆ లోపం కనిపిస్తుంది. ఒంటి మీది తెల్ల చారలు తెగి ఉన్నా పర్వాలేదు, ఆరోగ్యానికి ఏమీ కాదు.

ఒక్క మాట: దుకాణంలో అన్ని ట్యాంకులకూ ఒకే నీళ్లు తిరుగుతుంటే హేచరీ చేపకీ జబ్బు అంటుతుంది. అందుకే కొత్త చేపల్ని ముందు విడి ట్యాంకులో కనీసం నాలుగు వారాలు ఉంచండి. ఈలోగా మీ పెద్ద ట్యాంకును 6 వారాలు చేపలు లేకుండా వదిలేయండి. పగడాలు, నత్తలు అందులోనే ఉండొచ్చు.