జర్మనీలో బీరు పండగకి తాగని, వెజ్ తినే అమ్మానాన్నల్ని తీసుకెళ్తే బోర్ కొట్టదా?

ఎర్లాంగెన్‌లో ఉంటున్నామని, అమ్మానాన్న ఆగస్టు మొదట్లో తిరిగి వెళ్ళిపోతారని, ఈలోపు ఒక్క బవేరియా పండగైనా చూపించాలని రాశారు కదా, అయితే నా ఓటు ఫోర్చ్‌హైమ్ అన్నాఫెస్ట్‌కే. మ్యూనిక్‌లో జరిగే పెద్ద బీరు పండగ ఆక్టోబర్‌ఫెస్ట్ సెప్టెంబర్ సగం దాటాక గానీ మొదలవ్వదు, అప్పటిదాకా వాళ్ళు ఉన్నా సరే ఆ తోపులాటలోకి పెద్దవాళ్ళని నేనైతే తీసుకెళ్ళను.

ఫోర్చ్‌హైమ్ మీకు పక్కూరే, బాంబెర్గ్ వైపు ఎస్-బాన్ (లోకల్ రైలు) ఎక్కితే పావుగంట. ఊరి చివర చెట్లతో నిండిన కొండ ఉంటుంది, దాన్నే కెల్లర్‌వాల్డ్ అంటారు. ఫ్రిజ్‌లు లేని కాలంలో బీరు చల్లగా ఉండాలని ఆ కొండ ఇసుకరాయిలో సొరంగాలు తవ్వి పీపాలు దాచేవాళ్ళు, తర్వాత్తర్వాత ఆ పైనే చెట్ల నీడలో బెంచీలేసి తాగడం మొదలెట్టారు. అలాంటి బీరు తోటల్నే కెల్లర్లంటారు, ఇప్పుడు ఇరవైకి పైగా ఉన్నాయి. జూలై 26న సెయింట్ అన్నా రోజు, ఆవిడ గుడికి యాత్ర చేసి తిరిగొచ్చే జనం ఈ కొండ దగ్గర ఆగేవాళ్ళట, 1840లో తుపాకీ గురి పోటీలు కూడా ఇక్కడికే తెచ్చేసరికి పెద్ద పండగైపోయింది, ఇప్పుడు ఆ తేదీకి అటూ ఇటూగా 11 రోజులు చేస్తారు. మేం తీసుకెళ్ళినప్పుడు మా అత్తగారు ఏ దేవుడిదమ్మా ఈ పండగ అని అడిగితే, మేరీమాత వాళ్ళమ్మదండీ అన్నాను, అయితే ఏసుప్రభువుకి అమ్మమ్మన్నమాట, మంచిదే అని హాయిగా కూర్చున్నారు.

టెంట్లుండవు, అంతా చెట్ల కిందే, పిల్లాజెల్లా ముసలీముతకా అందరూ కుటుంబాలతో వస్తారు, మన కార్తీక వనభోజనాల్లో బీరు కూడా పెడితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. కాకపోతే ఇదంతా మధ్యాహ్నం మాట. వారం మధ్యలో మూడింటికల్లా వెళ్ళిపోండి, చోటు దొరుకుతుంది, బ్యాండ్ కూడా చెవులు పగిలేలా ఉండదు. చీకటి పడ్డాక కుర్రాళ్ళు బెంచీలెక్కి ఎగురుతుంటారు, అది మీరు ఇంకో రోజు ఫ్రెండ్స్‌తో వెళ్ళి చూసుకోండి.

తిండి సంగతే కొంచెం కష్టం. ఎటు చూసినా పంది భుజం రోస్టూ, సాసేజ్‌లూ, పుల్లకి గుచ్చి కాల్చిన చేపలూ. వెజ్ అని చెప్పే కేస్‌ష్పెట్స్‌లెలో (చీజ్ వేసిన నూడుల్స్ లాంటివి) గుడ్డుంటుంది, బంగాళాదుంప అట్లలో కూడా చాలాచోట్ల కలుపుతారు, పుల్ల క్యాబేజీలో బేకన్ ముక్కలేసి ఉడకబెడతారు కాబట్టి అడక్కుండా తీసుకోవద్దు. మా వాళ్ళకి పనికొచ్చినవి బ్రెట్సెల్ (ముడేసినట్టుండే ఉప్పు రొట్టె), చీజ్, ముల్లంగి, ఫ్రైస్, పంచదార పాకంలో వేయించిన బాదం, అంతే. ఇంటి దగ్గర పులిహోర తిని బయల్దేరాం కాబట్టి సరిపోయింది, మీరూ అలాగే చేయండి. తాగడానికి ఆపిల్ షోర్లె (ఆపిల్ రసంలో సోడా కలిపింది), ష్పెట్సి (కోలాలో ఆరెంజ్ డ్రింక్ కలిపింది) ఉంటాయి. రాడ్లర్ నిమ్మసోడా అనుకునేరు, సగం బీరే.

మీరు తాగేట్టయితే లీటరు మగ్గు, పది యూరోలు దాటుతుంది, మగ్గుకి డిపాజిట్ వేరే కట్టించుకుంటారు, తిరిగిచ్చినప్పుడు అడిగి తీసుకోండి. పండగ బీరు కాస్త స్ట్రాంగ్, ఊళ్ళో బ్రూవరీలు ఐఖ్‌హార్న్, గ్రైఫ్, హెబెన్‌డాంట్స్, నేడర్, నాకైతే నేడర్ నచ్చింది గానీ ఇది చెప్తే అక్కడ గొడవైపోద్ది. క్యాష్ పెట్టుకెళ్ళండి, అన్నిచోట్లా కార్డు నడవదు.

బల్లలో సగం ఖాళీగా ఉంటే ఖాళీయేనా అని అడిగి కూర్చోవడమే, ఎవరూ ఏమీ అనుకోరు. మా మామగారికి పక్కనున్న పెద్దాయనతో ఒక్క భాషా కలవలేదు, అయినా గంటసేపు ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఇది బవేరియా పండగ కదా అని మాత్రం అలాంటివాళ్ళతో అనకండి, ఈ ప్రాంతం ఫ్రాంకోనియా, 1803 ప్రాంతంలో బవేరియాలో కలిపారన్న కోపం వాళ్ళకి ఇంకా పోలేదు.

స్టేషన్ నుంచి కొండకి నడిస్తే అరగంట, అదీ ఎగువకి, పండగ రోజుల్లో బస్సులు తిరుగుతాయి, ఎక్కేయండి. బెంచీలకి వెనక ఆనుకోడానికేం ఉండదు, అమ్మగారికి నడుంనొప్పుంటే చిన్న దిండు ఒకటి బ్యాగులో పడేసుకోండి. జెయింట్ వీల్ ఎక్కించండి, పైనుంచి చెట్ల మీదుగా ఊరంతా కనిపిస్తుంది.