ఎక్స్ ఎంతో చెప్పకుండా నిజమో కాదో ఎలా తేలుతుంది?

ప్రశ్న: మాస్టారూ, డిస్క్రీట్ మ్యాథ్స్‌లో ప్రెడికేట్స్ దగ్గర ఆగిపోయాను. ‘ఎక్స్ 3 కంటే పెద్దది’ అనేది ప్రవచనం కాదట, ఎక్స్ స్థానంలో 5 పెడితే అవుతుందట. ‘అన్ని ఎక్స్‌లకూ’ అని ముందు చేర్చినా అవుతుందట. ఎందుకని? ఇంటర్నల్స్ దగ్గరపడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది.
– బీటెక్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: ప్రవచనమంటే నిజమో అబద్ధమో తేలి తీరాలమ్మా. ‘5, 3 కంటే పెద్దది’ నిజం. ఎక్స్ ఎంతో తెలియనప్పుడు ఏమని తేలుస్తాం? అలా ఖాళీ ఉన్న వాక్యమే ప్రెడికేట్. ఖాళీలో ఒక సంఖ్య వేయొచ్చు. లేదా ‘అన్నిటికీ’, ‘కనీసం ఒక్కదానికి’ అని ముందు చేర్చొచ్చు. వీటిని క్వాంటిఫయర్లంటారు. 1879లో జర్మన్ గణితవేత్త ఫ్రేగె వీటిని తర్కంలో ఒక పద్ధతిగా నిలబెట్టాడు.

నేను ఈ పాఠం ఎప్పుడూ ఆయిలర్ సూత్రంతోనే చెప్పేవాణ్ణి. ప్రెడికేట్ ఇది: ‘ఎన్² + ఎన్ + 41 ప్రధాన సంఖ్య’. ఎన్ 0 అయితే 41, 1 అయితే 43, 2 అయితే 47. పిల్లలు లెక్క వేసుకుంటూ పోతారు, అన్నీ ప్రధానాలే. 39 దగ్గర 1601, అదీ ప్రధానమే. ఈపాటికి క్లాసంతా ‘అన్నిటికీ నిజమే సార్’ అంటుంది. 40 వేయమంటాను. 1681 వస్తుంది, అంటే 41 ఇంటూ 41!

మరి ‘అన్ని ఎన్‌లకూ’ అన్న మాట నిజమా, అబద్ధమా? 0 నుంచి 39 వరకే తీసుకుంటే నిజం, సహజ సంఖ్యలన్నీ తీసుకుంటే అబద్ధం. ప్రెడికేట్ అదే, క్వాంటిఫయర్ అదే, మారింది డొమైన్, అంటే ఎన్ స్థానంలో వేయడానికి తీసుకున్న సంఖ్యల సమూహం. అది రాయకుండా జవాబు రాసేస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే లెక్కకు ప్రాణం అక్కడే ఉంది. ఇంకో సంగతి. 40 సంఖ్యలకు వరసగా కుదిరినా, ‘అన్నిటికీ’ని కొట్టేయడానికి కుదరనిది ఒక్కటి దొరికితే చాలు. ‘అన్నిటికీ నిజం’ కాదనడానికి ‘దేనికీ నిజం కాదు’ అని రాస్తారు చాలామంది. అది తప్పు.

రెండు క్వాంటిఫయర్లుంటే వరస జాగ్రత్త. సహజ సంఖ్యల్లో ‘ప్రతి సంఖ్యకూ దానికంటే పెద్దది ఒకటుంది’ నిజం. ‘అన్ని సంఖ్యలకంటే పెద్దదైన ఒకే ఒక్క సంఖ్య ఉంది’ అబద్ధం.

ఇప్పుడు ‘ఎక్స్² = 2 అయ్యే ఎక్స్ ఒకటైనా ఉంది’ అన్నదాన్ని ముందు అకరణీయ సంఖ్యల్లో, తర్వాత వాస్తవ సంఖ్యల్లో తేల్చి చూడు. జవాబుతోపాటు కారణం కూడా రాసి పంపమ్మా.